పిరమిడ్ నిర్మాణం

అడుగున వెడల్పుగా మొదలై పైకి పోయేకొద్దీ సన్నబడే భారీ కట్టడం పిరమిడ్. ఈజిప్టులో అది రాజుల సమాధి, మెక్సికోలో గుడికి ఎత్తుపీఠం. సముద్రాల అవతల ఒకే రూపం కనిపించేసరికి, ఒకరి దగ్గర మరొకరు నేర్చుకున్నారన్న ఊహలు పుట్టాయి. ధాన్యం రాశి పోసినా, ఇసుక లారీ దింపినా నిలిచేది ఆ రూపమే కాబట్టి ఆ ఊహల అవసరం లేదు. అసలు చిక్కు కుప్ప పోయడంలో లేదు, పోసింది జారకుండా పట్టి ఉంచడంలో ఉంది.

ఈజిప్టువాళ్లు దెబ్బలు తిని నేర్చుకున్నారు. క్రీ.పూ. 2650 ప్రాంతంలో సక్కారాలో జోసర్ రాజుకు మెట్ల పిరమిడ్ లేచింది. ఆ తర్వాత స్నెఫ్రు రాజు దహ్షూర్‌లో కట్టించిన పిరమిడ్ సగానికి వచ్చేసరికి వాలును సుమారు 54 డిగ్రీల నుంచి 43కు తగ్గించారు. వంకర నేటికీ కనిపిస్తుంది. అతని కొడుకు ఖుఫు గీజాలో కట్టించినది అప్పట్లో 146 మీటర్లకు పైగా ఎత్తు. ఐదారు వందల ఏళ్లు గడిచాక, అంత రాయి పేర్చే ఓపిక లేని మొదటి సెనుస్రెత్ రాజు లిష్ట్‌లో పొదుపు దారి పట్టాడు. నడిమి నుంచి ఎనిమిది రాతి గోడలు కిరణాల్లా లాగించి, అడ్డగోడలతో గదులు చేసి, వాటిని నాసిరకం రాళ్లతో పూడ్పించాడు. పైన మాత్రం నున్నటి తురా సున్నపురాయి.

పెరూలోని కరాల్ జనం క్రీ.పూ. 2600 నాటికే ఇంకో ఉపాయం పట్టారు. రెల్లుతో అల్లిన వల సంచుల్లో రాళ్లు నింపి, సంచులతో సహా పూడికలో పేర్చారు. వాటిని షిక్రా అంటారు. విడి రాళ్లు దొర్లిపోతాయి, మూటగట్టినవి కుదురుగా ఉంటాయి.

కృష్ణా తీరపు బౌద్ధ స్తూపం పిరమిడ్ కాదు, అర్ధగోళం. చిక్కు మాత్రం అదే. నాగార్జునకొండ మహాచైత్యం అడుగు వ్యాసం 106 అడుగులు. లోపల ఇటుక గోడలు బండిచక్రం ఆకుల్లా బొడ్డు నుంచి అంచుకు పోతాయి, మధ్య గదుల్లో మట్టి కూరారు. లిష్ట్‌తో పోలిస్తే సుమారు రెండు వేల ఏళ్ల ఎడం, పరిష్కారం ఇంచుమించు ఒకటే. పక్కనున్న చిన్న స్తూపాలు కొన్నింటిలో బొడ్డు దగ్గర స్వస్తికాకారం కూడా ఉంది. చక్రం ధర్మానికి గుర్తు కాబట్టి అలా కట్టారా, గట్టిదనం కోసమా అంటే రెండూ అనుకోవచ్చు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో, 3వ శతాబ్దంలో, రాజకుటుంబానికి చెందిన చాంతిసిరి దానంతో మహాచైత్యానికి ఆయక స్తంభాలు (నాలుగు దిక్కుల వేదికలపై నిలిపేవి) నిలిచాయి.

1927-31 మధ్య నాగార్జునకొండను తవ్వించిన పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్‌కు మహాచైత్యంలో ధాతువు (పవిత్ర అవశేషం) నడిమధ్యన కాక ఒక పక్క గదిలో దొరికింది. పగిలిన కుండ, అందులో స్తూపాకారపు వెండి భరిణె, దానిలో బంగారు భరిణె, చివరికి చిన్న ఎముక ముక్క.

ఇలాంటి కట్టడాల లోపలి గోడల అస్థిపంజరాలు కొన్ని మన కంట పడ్డాయంటే దొంగల పుణ్యమే. లిష్ట్ పైరాళ్లను ఊడబీకినందుకే కిరణాల గోడలు బయటపడ్డాయి. అమరావతిలో జనం దీపాలదిన్నె అని పిలిచిన స్తూపపు దిబ్బను ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వుతుండగా, 1797లో సర్వేయర్ మెకంజీ అక్కడికి చేరాడు. లిష్ట్‌లో లాగే ఇక్కడా పోయింది ముందు పైరాయి, సున్నపురాతి పలకలు.