గౌరవపత్రము: బ్రౌన్స్‌విల్ సైనికుల చరిత్రము

మాండవ్యమహర్షి కథ పాఠకమహాశయు లెఱుగనిది కాదు. ఆ ముని మౌనవ్రతమున నుండగా దొంగలు కొందఱు రాజుగారి సొత్తుతో వచ్చి యాశ్రమమున దాగిరి. భటులు వెన్నంటి వచ్చి, దొంగ లెటుపోయిరని యడిగిరి. ముని పలుకలేదు. ఆ పలుకమియే యతని నేరమునకు సాక్ష్యమయ్యెను. రాజు విచారింపకయే శూలమున కెక్కించెను. పిమ్మట నిజము తెలిసి రాజు పాదములపై బడి వేడుకొనెను గాని, శూలపుముక్క మాత్రము ముని దేహమున నిలిచిపోయెను. ఇది పురాణగాథ యని మనము చదివి విడిచెదము. అయినను పలుకకుండుటయే నేరముగ నెంచి యొక్కనిని గాక 167 మందిని దండించిన వృత్తాంతము క్రీ. శ. 1906వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరిగినది. ఆ దండనము తప్పని యొప్పుకొనుటకు నచ్చటి ప్రభుత్వమునకు 66 సంవత్సరములు పట్టెను. ఆ చరిత్రమును సంఘీయులకు విన్నవించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

ముందుగా నొక విషయము చెప్పవలసియున్నది. అమెరికా సైన్యమును విడిచిపోవు ప్రతి సైనికునకును డిశ్చార్జి పత్ర మొకటి యిత్తురు. అతడెట్లు పనిచేసెనో, ఏ విధమున విడువబడెనో యందు వ్రాయబడియుండును. గౌరవముతో విడువబడినవానికి పింఛను, వైద్యము, ఉద్యోగములలో మన్నన లభించును. ఆ మాట లేనివాని కవి పలుమాఱు దొరకవు. అంతకంటె ముఖ్యమైన దింకొకటి కలదు. ఆ కాగితము చూచినవాడెల్ల వానిని వేఱుకంట జూచును. ఇరువది యేండ్ల సేవయు నొక్క మాటతో నిలుచును, లేదా నశించును.

1906వ సంవత్సరము జూలై 28వ తేదీన ఇరువదియైదవ పదాతిదళమునకు జేరిన మూడు కంపెనీలు టెక్సాసు రాష్ట్రమున, మెక్సికో సరిహద్దుననున్న బ్రౌన్స్‌విల్ పట్టణము చెంతనుండు బ్రౌను కోటకు వచ్చెను. సైనికులందఱు నల్లజాతివారు, అధికారులు తెల్లవారు. ఈ దళము క్యూబాయుద్ధమునను, ఫిలిప్పైన్సు దీవులలోను బోరాడి పేరుగాంచినది. పట్టణవాసులకు వీరిరాక రుచింపలేదు. అంగళ్లలోను, వీథులలోను నవమానములు జరిగెను. ఆగస్టు 12వ తేదీన నొక తెల్లజాతి స్త్రీపై సైనికు డొకడు చేయివేసెనని వదంతి పుట్టెను. మఱునాడు కోటకధిపతియైన మేజరు పెన్రోజు, రాత్రి యెనిమిది గంటల తరువాత నెవ్వరును పట్టణమున నుండరాదని యాజ్ఞాపించెను.

ఆ రాత్రియే, అర్ధరాత్రి ప్రాంతమున, పట్టణవీథులలో నించుమించు పదినిమిషములు తుపాకులు మ్రోగెను. ఒక మద్యశాలలో బనిచేయువాడు మరణించెను. పోలీసు అధికారి యొకడు గాయపడి చేయి పోగొట్టుకొనెను. కోటలోని వారు తమపైననే కాల్పులు జరుగుచున్నవని భ్రమించి బారులు తీరిరి. అధికారులు పేరుపేరున బిలిచి చూడగా సైనికు లందఱును లెక్కకు వచ్చిరి. తెల్లవాఱిన పిదప తుపాకులు పరీక్షింపగా నవి కాల్చిన జాడ కనబడలేదు. అయినను పట్టణపు పురాధ్యక్షుడు వీథిలో దొరకినవని సైన్యపు తూటాగొట్టములు కొన్ని తెచ్చి చూపెను. సైనికులే కాల్చిరని పట్టణవాసులు ప్రమాణము చేసి చెప్పిరి. చీకటిరాత్రి, దూరమునుండి, మొగముల రంగును దుస్తుల రంగును గుర్తించితిమని వారి సాక్ష్యము!

టెక్సాసు రక్షకభటులు పండ్రెండుగురు సైనికులను నిర్బంధించిరి. కాని కామెరాన్ కౌంటీ గ్రాండుజ్యూరీవారు వారిలో నొక్కనిపైనను నేరము మోపుట కాధారము గానలేదు. న్యాయస్థానమునకు దొరకని యాధారము సైన్యవిచారణాధికారులకు దొరకెను. దోషులెవరో చెప్పనిచో నందఱును ఉద్వాసితు లగుదురని ఇన్‌స్పెక్టరు జనరల్ గార్లింగ్‌టన్ సైనికులకు హెచ్చరిక చేసెను. ఎవ్వరును నోరు విప్పలేదు. తెలియనిది చెప్పుట యెట్లు? ఆయన మాత్రము దానిని మౌనపు కుట్ర యని వ్రాసి, అందఱను దొలగింపుమని సిఫారసు చేసెను. నవంబరు 5వ తేదీన అధ్యక్షుడు థియొడోరు రూజువెల్టు దానిని ఆమోదించెను. మఱునాడు దేశమున నెన్నికలు. అవి ముగిసిన తరువాతనే యా యాజ్ఞ వెల్లడియయ్యెను.

ఆ 167 మందికి నిచ్చిన పత్రములలో గౌరవములేని విమోచనము అని వ్రాయబడెను. ఇచ్చట నొక సూక్ష్మము గమనింపదగును. అగౌరవముతో వెడలగొట్టుటకు సైనికన్యాయస్థానమున విచారణ జరుగవలెను. సాక్షులను బ్రశ్నింపవలెను. ముద్దాయికి బలుక నవకాశమీయవలెను. గౌరవములేని విమోచనమునకు నవి యేవియు నక్కఱలేదు. పై యధికారి సంతకము చాలును. ఫలితము మాత్రము రెంటికి నించుమించు నొక్కటియే. వీరికి మరల సైన్యమున జేరుటకును, ప్రభుత్వోద్యోగము చేయుటకును నర్హత లేకపోయెను. ఆ కోటలోని యధికారులైన మేజరు పెన్రోజునకును, కాప్టెను మాక్లినునకును 1907లో న్యాయస్థానవిచారణ జరిగెను. ఇరువురును నిర్దోషు లని విడువబడిరి. అధికారికి విచారణ గలదు, భటునకు లేదు!

బి కంపెనీ ఫస్టు సర్జంటు మింగో సాండర్సు ఇరువదియైదేండ్లు కొలువు చేసినవాడు. పింఛనుకు దగ్గఱపడినవాడు. క్యూబాలో బోరాడినవాడు. ఆ యుద్ధమున దండు నడపిన రూజువెల్టు సంతకముతోనే యాతని బ్రతుకుదెరువు పోయెను. దోషము చేసెనని యాతనిపై నెవ్వరును జెప్పలేదు. దోషి నెఱిగియు చెప్పలేదనుటయే యభియోగము.

ఈ యన్యాయమును జూచి యూరకుండనివారు కొందఱుండిరి. బుకర్ టి. వాషింగ్టను రహస్యముగ నధ్యక్షుని వారింప జూచెను గాని ఫలింపలేదు. మేరీ చర్చి టెరెల్ అను విదుషీమణి యుద్ధమంత్రి టాఫ్టును స్వయముగ గలిసికొని, ఆజ్ఞను నిలుపుమని వేడెను. ఒహాయో రాష్ట్రపు సెనేటరు జోసఫ్ ఫోరేకరు రూజువెల్టు పక్షమువాడే యయ్యు నాయనకెదురు నిలిచెను. ఫోరేకరు పట్టుదలవలన సెనేటు సైనికవ్యవహార సంఘము 1907 ఫిబ్రవరి మొదలు 1908 మార్చి వఱకు విచారణ జరిపెను. వీథిలో దొరకిన తూటాగొట్టములు అంతకుముందు నెబ్రాస్కాలోని నియోబ్రారా కోటయందు గుఱిపందెములలో కాల్చినవై యుండవచ్చుననియు, వానిని పెట్టెతో దెచ్చి బ్రౌను కోట వసారాలో నుంచిరనియు, ఎవ్వరైనను నెత్తికొనిపోవచ్చుననియు నాయన చూపెను. ఆ గొట్టములకు సరిపడునని చెప్పిన తుపాకులలో నొకటి యా రాత్రి తాళమువేసిన పెట్టెలో నుండెనని కూడ వెల్లడి చేసెను. వీరు నల్లవారు గావున దయ చూపుడని నే నడుగలేదు, మనుష్యులు గావున న్యాయము చూపుడని యడుగుచున్నాననుట యాయన వాదసారము. సంఘమున నధికసంఖ్యాకులు సైనికులే దోషులని తీర్పు చెప్పిరి. 1909 మార్చిలో జేసిన శాసనము ననుసరించి విశ్రాంత సేనానుల విచారణసభ యొకటి యేర్పడి, 1910లో 14 మంది మాత్రము మరల చేరవచ్చునని చెప్పెను. ఆ 14 మందినే యేల యేఱిరో, తక్కిన 153 మందియెడ దోషమేమో కారణము చెప్పలేదు. ఫోరేకరుకు సెనేటులో స్థానమును బోయెను.

ఆ పిదప నిశ్శబ్దము. 153 మంది దేశమున నలుమూలల జెదరిపోయిరి. డార్సీ విల్లిసు అనువాడు మిన్నియాపొలిసు నగరమున క్షౌరశాలలో బూట్లు తుడుచుచు నించుమించు అఱువదియేండ్లు గడపెను.

ఈ మధ్యకాలమున శాసనములలో మార్పు గలిగెను. పూర్వము డిశ్చార్జి పత్రములోని మాట మార్పవలెనన్న ప్రతివానికిని కాంగ్రెసులో ప్రత్యేకశాసనము కావలసియుండెను. పేదవాని కది యెట్లు సాధ్యము? 1944లో రెండవ ప్రపంచయుద్ధ సైనికులకొఱకు జేసిన శాసనమున డిశ్చార్జి పునర్విచారణ మండలులు పుట్టెను. 1946 నాటి శాసనమువలన సైనికలేఖ్యములలోని తప్పులను, అన్యాయములను సరిదిద్దుటకు సామాన్యపౌరులతో గూడిన మండలు లేర్పడెను. ఆ కాలముననే నీలికాగితముపై నిచ్చు డిశ్చార్జి యొకటి యుండెను. అది గౌరవమును గాదు, అగౌరవమును గాదు. అయినను ఉద్యోగమిచ్చువాడు దాని రంగు చూచి తలుపు మూసెడివాడు. సైన్యమున నల్లజాతివారు నూటికి ఏడుగురికి లోపుగా నుండగా, నీలికాగితము లందుకొన్నవారిలో నూటికి ఇరువదిరెండుగురు వారే. పిట్స్‌బర్గు కొరియరు పత్రిక దీనిపై గట్టిగ నాందోళనము చేసెను. 1947లో నీలికాగితము రద్దయ్యెను.

1970లో జాన్ వీవరు అను రచయిత బ్రౌన్స్‌విల్ వృత్తాంతమును గ్రంథముగ బ్రకటించి, సైనికులు నిర్దోషులని వాదించెను. ఆ గ్రంథమునకు సెనేటు విచారణ సంపుటములు ప్రధానాధారము. ఫోరేకరు నాడు ఓడిపోయెను గాని యాతడు వ్రాయించిన సాక్ష్యము లోడిపోలేదు. కాంగ్రెసుసభ్యుడు ఆగస్టసు హాకిన్సు ఆ గ్రంథముచే బ్రేరితుడై 1971లో శాసనము ప్రతిపాదించెను. సైన్యశాఖ మరల విచారించి, 1972 సెప్టెంబరు 28వ తేదీన 167 మంది విమోచనమును గౌరవప్రదముగ మార్చెను. అప్పటికి వారిలో నించుమించు అందఱును గతించిరి. 1973 ఫిబ్రవరి 11వ తేదీన, తన యెనుబదియేడవ జన్మదినమున, డార్సీ విల్లిసు మిన్నియాపొలిసులోని చర్చిలో గౌరవపత్రమందుకొనెను. ఆ సంవత్సరాంతమున గాంగ్రెసువారు శాసనము చేసి యతనికి 25,000 డాలరుల నిచ్చిరి. 1977లో మరణించిన యతనిని సైనికమర్యాదలతో ఖననము చేసిరి. కాని పోయిన అఱువదియాఱేండ్ల నెవ రిచ్చెదరు? మాండవ్యుని దేహమున నిలిచిన శూలపుముక్క యదియే.

ఈ త్రోవలో దరువాత మఱికొందఱకు న్యాయము లభించెను. వెస్టుపాయింటు సైనికవిద్యాలయమునుండి పట్టము పొందిన మొదటి నల్లజాతివాడగు హెన్రీ ఫ్లిప్పరు 1882లో సైన్యమునుండి తొలగింపబడెను. 1976లో, అనగా మరణించిన 36 యేండ్లకు, అతనికి గౌరవవిమోచనము వచ్చెను. 1917లో హ్యూస్టను సంఘటనమునుగూర్చి శిక్షింపబడిన 110 మంది సైనికుల శిక్షలను 2023 నవంబరులో సైన్యము రద్దుచేసి, వారి సేవను గౌరవప్రదమని వ్రాసెను. వారిలో 19 మందిని నాడే యురితీసియుండిరి.

ఇది పరదేశపు ముచ్చట, మనకేల యని యెవరైన ననవచ్చును. ఒకనియందు దోషమున్నదో లేదో చూడక, వాడు చేరిన సమూహమునెల్ల దోషియనుట మన దేశమునను జరిగినది. 1871లో ఆంగ్లప్రభుత్వము చేసిన నేరజాతుల శాసనము, 1911 తరువాత మదరాసు రాజధానికిని వర్తించి, పుట్టిన శిశువునకును నేరస్థుడను ముద్ర వేసెను. మన స్టూవర్టుపురము ఆ శాసనపు చిహ్నము. శాసనము 1952లో రద్దయ్యెను. మాట మాత్రము లోకుల నాలుకపై నింకను నున్నది. కాగితముపై వ్రాసినది కాగితముపై దుడుచుట సులభము, లోకుల మనస్సునుండి తుడుచుట దుర్లభము.

కావున సంఘీయులకు నా విన్నపము రెండు మాటలు. ఒకనిపై నిందవచ్చినపుడు, వాడు మనవాడైనను, పరుడైనను, వేఱుగ విచారింపుడు. కులమును బట్టి నమ్మకుడు, కులమును బట్టి నిందింపకుడు. రెండవది, కాగితములు దాచుడు. సైనికుడైనను, గుమాస్తాయైనను, ఉపాధ్యాయుడైనను, తన కొలువుపత్రములను, తనకు జరిగిన యన్యాయమునకు సాక్ష్యములను భద్రపఱచిన, తాను గెలువకున్నను మనుమలనాటికైనను న్యాయము గెలుచును. ఫోరేకరు సంపుటములు గ్రంథాలయమున బూజుపట్టి యఱువదియేండ్లు వేచియుండెను. చదువువాడు వచ్చెను. ఇట్టి చదువరులు మన సంఘమునను బుట్టుదురుగాక!