కంప్యూటర్‌కి నాయనమ్మ లేదా?

ఇంగ్లీషువాళ్ళు చార్లెస్ బాబేజ్‌ని (1791-1871) కంప్యూటర్‌కి తండ్రి అంటే, మనం ఇంకో తరం పైకెక్కించి 'కంప్యూటర్ పితామహుడు' అన్నాం. తండ్రి అనే మాట లేకనా? గాంధీగారిని 'జాతిపిత' అంటున్నాంగా! పితామహుడంటే తాతే కాదు, బ్రహ్మ కూడా. అసలు కిటుకు అక్కడే ఉందని నా అనుమానం. లేకపోతే, 11వ శతాబ్దంలోనే 'ఆదికవి' నన్నయ ఉండగా, 16వ శతాబ్దపు అల్లసాని పెద్దన 'ఆంధ్ర కవితా పితామహుడు' ఎలా అవుతాడు? మనవడే తాతయ్యాడన్నమాట :)

మరి 1843లోనే, చివరికి పూర్తే కాని బాబేజ్ యంత్రం మీద బెర్నూలీ సంఖ్యలు ఎలా లెక్కకట్టాలో అంచెలంచెలుగా రాసి అచ్చేయించిన ఏడా లవ్‌లేస్‌ని ఏమందాం? 'పితామహి' అంటే ఉత్త నాయనమ్మే, అందులో బ్రహ్మ లేడు. అందుకేనేమో, ఆవిడకి 'తొలి ప్రోగ్రామర్' అన్న సగం ఇంగ్లీషు మాటే దిక్కయింది.