గోదావరి దాటిన రెండు వలసలు

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమయ్యాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి రాజ్యం నిలబెట్టాడని బస్తరు రాజవంశం చెప్పుకుంది. 1703 నాటి దంతెవాడ శాసనం ఆ మాటను రాతికెక్కించింది. దంతేశ్వరి అమ్మవారు వెనకే వస్తుంది, అందెల చప్పుడు వినిపిస్తున్నంత సేపు వెనక్కి చూడకూడదు అన్నది అక్కడి కథలోని షరతు. ఏటి ఇసుకలో చప్పుడు ఆగింది, రాజు తిరిగి చూశాడు, అమ్మవారు అక్కడే నిలిచిపోయింది. ఈ వంశావళి ఎంతవరకు నిజమని చరిత్రకారులకు అనుమానాలున్నాయి. నిజంగా వచ్చినా, వచ్చామని నమ్మినా, ఆ కుటుంబం ఇరవయ్యో శతాబ్దంలో కూడా తాము కాకతీయులమనే చెప్పుకుంది. ఆలోగా ఓరుగల్లు ఎన్నో చేతులు మారింది, వాళ్లు తలచుకునే నగరం ఎప్పుడో లేకుండా పోయింది. ఆ తలపు వాళ్లను బస్తరుకు పరాయివాళ్లను చేయలేదు. పైగా దంతేశ్వరి బస్తరు దసరాలో ఆదివాసుల తల్లి అయింది. పాత ఊరిని మరవకపోవడం కొత్త నేలలో వేళ్లూనడానికి అడ్డు కాదని ఈ చరిత్ర చెబుతోంది. బస్తరు నుంచి ములుగు జిల్లాకు వచ్చిన గొత్తికోయల విషయంలో మనం ఈ సంగతినే మరిచిపోతున్నాం.

వాళ్లది ఎదురు దిక్కు వలస. మిర్చి ఏరే కాలంలో కూలికి, మేడారం జాతరకు మొక్కులతో బస్తరు కోయలు రావడం కొత్త కాదు. 2005 జూన్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ మద్దతుతో సల్వాజుడుం మొదలయ్యాక మాత్రం ఆ రాకకు అర్థం మారింది. ఒక పక్క మావోయిస్టులు, ఇంకో పక్క సల్వాజుడుం, మధ్యలో నలిగి వందల ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఎన్నో కుటుంబాలు తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. అటవీ హక్కుల చట్టం పోడు భూమికి పెట్టిన గడువు 2005 డిసెంబరు 13. అప్పటికి వలస మొదలై ఆరు నెలలే, ఆ తర్వాత వచ్చినవాళ్లు దాని పరిధిలోకి రారు. ఎస్టీ గుర్తింపు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది కనుక, ఏరుకు ఆ ఒడ్డున గిరిజనుడైన మనిషి ఈ ఒడ్డున కాడు. రాజు వలసకు శాసనం దక్కితే, కూలివాడి వలసకు ధ్రువపత్రం కూడా దక్కలేదు. ఈ తేడా నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

సల్వాజుడుం పేరుతో గిరిజన యువకులకు తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులైలో చెప్పింది కదా, ఇక తిరిగి వెళ్లవచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. ప్రశ్న సబబైనదే. కానీ పెద్దవాళ్లు తలచుకునే ఊరు ఇప్పుడక్కడ లేదు. ఏళ్ల తరబడి దున్నని చేను అడవిలో కలిసిపోతుంది, చాలాచోట్ల భద్రతా దళాల క్యాంపులూ కొత్త రోడ్లూ వచ్చాయి. ఇక్కడ పుట్టిన పిల్లలకు బడిలో వినిపించేది తెలుగు. ఊరి మీద బెంగ ఉందంటే పోయినదాని మీద దుఃఖం ఉందని అర్థం. దాన్ని తిరుగు ప్రయాణానికి ఒప్పుకోలుగా చదవకూడదు.

అడవి సంగతేమిటన్నది ఇంకా బరువైన అభ్యంతరం. ఏటూరునాగారం 1950ల తొలినాళ్ల నుంచి అభయారణ్యం. పోడు కోసం చెట్లు నరికితే నష్టం నిజమే, తమ రిజర్వేషన్ వాటా తగ్గుతుందన్న స్థానిక కోయల భయాన్ని కూడా కొట్టిపారేయలేం. అయితే 2017లో తాడ్వాయి మండలం జలగలంచలో చేసినట్టు గుడిసెలు కూల్చితే మనుషులు మాయం కారు, అడవిలో ఇంకొంచెం లోపలికి పోతారు. 1997లో మిజోరం నుంచి త్రిపురకు పారిపోయిన బ్రూ ప్రజలను వెనక్కి పంపాలని ఏళ్ల తరబడి ప్రయత్నించినా చాలామంది కదల్లేదు. చివరికి 2020 జనవరిలో కేంద్రం, రెండు రాష్ట్రాలు, బ్రూ ప్రతినిధులు కలిసి ఒప్పందం రాసుకుని, దాదాపు 34 వేల మందికి త్రిపురలోనే ఇంటి స్థలాలూ ఓటు హక్కూ ఇవ్వాలని నిర్ణయించారు. తాడ్వాయికి కావలసింది అలాంటి కాగితమే: అభయారణ్యం బయట కొంత భూమి, స్థానిక కోయల వాటాకు నష్టం రాకుండా పిల్లలకు గుర్తింపు, వెళ్లాలనుకునేవాళ్లకు భయం లేని దారి.