ఆస్తి మార్పిడి దావా

మైసూరు మహారాజా కళాశాలలో ఒకప్పుడు పాఠాలు చెప్పిన ఇద్దరు తెలుగువారిని మనం వేరువేరుగా గుర్తుపెట్టుకున్నాం. సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్త్వవేత్త. కట్టమంచి రామలింగారెడ్డి వక్త, విమర్శకుడు. రెడ్డిగారిని తత్త్వవేత్త అన్నవారు నాకు తారసపడలేదు. ఈ విభజన మూలం వెదుకుతూ పోతే ప్రాచీన ఏథెన్సు తగులుతుంది.

‘ఫిలొసోఫియా’ అంటే జ్ఞానం మీద ప్రేమ. ఆ మాట తనదంటే తనదని అక్కడ ఇద్దరు గురువులు పోటీపడ్డారు. ఒకరు ప్లేటో. వైద్యుడి పథ్యం ముందు వంటవాడి పిండివంట ఎలాంటిదో, న్యాయం ముందు వక్తృత్వం అలాంటిదని ‘గోర్గియాస్’లో తేల్చేశాడు. రెండవవాడు ఐసొక్రటీసు. గొంతు బలహీనం, పైగా సభాపిరికి. అయినా మాట నేర్పే బడి పెట్టి, ఆ చదువునే ఫిలొసోఫియా అన్నాడు. ఫీజు వెయ్యి ద్రాఖ్మాలట! పనివాడి రోజుకూలి ఒక ద్రాఖ్మా ప్రాంతంలో ఉన్న రోజులవి.

ఏథెన్సులో యుద్ధనౌకల ఖర్చు ధనికుల మీద వేసేవారు. ఆ భారం పడినవాడు, ‘ఫలానావాడు నాకంటే కలిగినవాడు; అతడైనా భరించాలి, లేదా మా ఆస్తులైనా మార్చుకోవాలి’ అని దావా వేయవచ్చు. ఐసొక్రటీసు మీద అలాంటి దావా పడింది. ఓడిపోయాడు. ఆ తరువాత 82 ఏళ్ల వయసులో, క్రీ.పూ. 353 ప్రాంతంలో, కోర్టులో చెప్పుకుంటున్నట్టుగా ఒక పెద్ద రచన చేశాడు. పేరు ‘అంటిడోసిస్’, అంటే ఆస్తి మార్పిడి. ఏం చేయాలో, ఏం మాట్లాడాలో నిశ్చయంగా చెప్పే జ్ఞానం మనిషికి అందదని అందులో ఆయన వాదం. చాలా సందర్భాల్లో మేలైనదాన్ని ఊహించి పట్టుకోగలవాడే జ్ఞాని. ఆ చూపు అలవడే సాధనే ఫిలొసోఫియా. జ్యామితి, ఖగోళం వంటివి బుద్ధికి కసరత్తులు మాత్రమే.

బాగా సంపాదించిన గురువు తన వృత్తిని సమర్థించుకున్నాడని అనవచ్చు. కొంత నిజమే. కానీ అప్పు కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు ప్లేటో కోరినంత నిశ్చయం నాకు ఏనాడూ దొరకలేదు.

చివరికి ఆ మాట ప్లేటోకే దక్కింది. మనమూ దాన్ని తత్త్వశాస్త్రమని తెచ్చుకున్నాం. వాదం, జల్పం, వితండ అని చర్చను మూడుగా విడదీసిన న్యాయసూత్రాలు మన దర్శనాల్లోనే ఉన్నా, వక్తను మాత్రం గడప బయటే నిలబెట్టాం.

1930లో ప్రభుత్వ దమననీతికి నిరసనగా రెడ్డిగారు ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ పదవికి రాజీనామా ఇచ్చారు. రేపేమవుతుందో తెలియకుండా తీసుకున్న అలాంటి నిర్ణయాన్ని ఐసొక్రటీసు తన బడిలో పాఠంగా చెప్పేవాడు. 1931లో ఆ కుర్చీలోకి రాధాకృష్ణన్ వచ్చారు. 1936లో మళ్లీ రెడ్డిగారే వచ్చి, 1949 దాకా ఉన్నారు.