కన్నులార చూచిన సాక్షి

న్యాయస్థానమున బోనెక్కిన సాక్షి “కన్నులార చూచితిని” అని పలికినచో, ఆ మాటను మించిన ఋజువు మరియొకటి లేదని మనము సామాన్యముగ తలంతుము. అట్టివాని మాటను శంకించుటకు రెండే కారణములుండునని కూడ మన నమ్మకము. అతడు లంచమునకు లోబడినవాడై యుండవలెను. లేదా ముద్దాయిమీద పగ గలవాడై యుండవలెను. ఈ రెండును లేనివాడు చూచినది చూచినట్లే చెప్పునని మన విశ్వాసము. చట్టము కూడ చిరకాలము ఈ బాటనే నడచినది. ప్రమాణము, అడ్డుప్రశ్నలు, కూటసాక్ష్యమునకు శిక్ష — ఈ మూడును అబద్ధమాడువానిని పట్టుటకు పన్నిన వలలు. కాని అబద్ధమాడని సాక్షి, తాను చెప్పునది సత్యమని మనసార నమ్మిన సాక్షి పొరపడినచో, ఈ వలలు పెద్దగ పనికిరావు. మసక వెలుతురులో త్రాటిని చూచి పామని భ్రమసినవానిని ఎన్నివిధముల ప్రశ్నించినను పామనియే చెప్పును. ఏలయన వాని మనస్సున నిలిచినది పామే. ఈ చిక్కును న్యాయస్థానములు ఎట్లు గుర్తించినవో, దానికి మనశ్శాస్త్రము ఎట్లు తోడ్పడినదో ఈ ప్రసంగమున పరిశీలింతము.

ముందుగ లండను నగరమున జరిగిన ఒక కేసును జ్ఞాపకము చేసికొందము. 1895 డిసెంబరులో అడాల్ఫ్ బెక్ అను నార్వేదేశీయుడు ఒక వీధిలో నిలిచియుండగ, ఒక స్త్రీ అతనిని అడ్డగించి, నా ఉంగరములను, గడియారమును అపహరించిన మోసగాడవు నీవేయని నిలదీసినది. ఆమె తనను వేధించుచున్నదని బెక్ తానే పోలీసుకు ఫిర్యాదు చేసెను. పోలీసులు బెక్‌నే నిర్బంధించిరి. ఎవడో ఒకడు ప్రభువంశీయునిగ నటించుచు, స్త్రీలకు చెల్లని చెక్కులు వ్రాసియిచ్చి, వారి నగలు తీసికొని మాయమగుచుండెను. అట్లు మోసపోయిన పలువురు స్త్రీలు బెక్‌ను చూచి, వీడే వాడని గుర్తించిరి. 1877లో ఇట్టి నేరమునకే శిక్షపడిన జాన్ స్మిత్ అనువాడు కూడ ఇతడేయని ఒక పోలీసు ఉద్యోగి ప్రమాణపూర్వకముగ చెప్పెను. 1877లో తాను దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున ఉంటినని బెక్ మొరపెట్టుకొనెను. ఇప్పటి విచారణ 1895 నాటి నేరమునకు సంబంధించినది గాన ఆ విషయము అప్రస్తుతమని న్యాయమూర్తి తోసివేసెను. 1896లో బెక్‌కు ఏడేండ్ల కఠినశిక్ష పడినది.

1898లో చెరసాల రికార్డులను పరిశీలింపగా ఒక సంగతి బయటపడినది. స్మిత్ యూదుడు, ఆ మతాచారమును బట్టి అతని శరీరమున ఏర్పడిన గుర్తు బెక్ శరీరమున లేదు. ఇద్దరును ఒక్కరు కారని దీనితో నిశ్చయమైనది. అయినను అధికారులు చేసినదేమి? బెక్ పేరిట నున్న 1877 నాటి శిక్షను రికార్డునుండి తొలగించి, 1896 నాటి శిక్షను మాత్రము అట్లే యుంచిరి. స్త్రీలు అతనిని గుర్తించిరి గదా, అదియే చాలునని వారి అభిప్రాయము. బెక్ 1901లో విడుదలయ్యెను. 1904లో మరల అట్టి మోసములే జరుగగ మరల అతనినే పట్టుకొనిరి. మరల స్త్రీలు గుర్తించిరి. మరల జ్యూరీ దోషియని తీర్పుచెప్పెను. శిక్ష విధించుటకు న్యాయమూర్తి కొంత జంకి వాయిదా వేసెను. ఆ వాయిదాయే బెక్‌ను కాపాడినది. అతడు జైలులో నుండగనే, జూలై నెలలో అసలు మోసగాడు నగలు కుదువ పెట్టబోయి పట్టుబడెను. ప్రభుత్వము బెక్‌ను క్షమించి, పిమ్మట 5,000 పౌనుల పరిహారమిచ్చినది. ఇంగ్లండున క్రిమినల్ అప్పీళ్లకు ప్రత్యేక న్యాయస్థానమును నెలకొల్పిన 1907 నాటి చట్టమునకు ఈ కేసు ఒక ముఖ్యకారణము.

ఇందు మనము గమనింపవలసినది యొకటి కలదు. ఆ స్త్రీలలో ఎవరును బెక్‌పై పగతో సాక్ష్యమిచ్చినవారు కారు. నిజముగ నగలు పోగొట్టుకొన్నవారు. నిజమైన దుఃఖముతో, నిజమైన విశ్వాసముతో చెప్పినవారు. పదిమంది ఒక్కమాట చెప్పినచో అది సత్యమేయని జ్యూరీ తలచినది. కాని పదిమందియు ఒకే పోలికచేత మోసపోవచ్చునని ఎవరికిని తోచలేదు.

సరిగ ఆ కాలముననే యూరపులో కొందరు శాస్త్రవేత్తలు ఈ సమస్యను ప్రయోగశాలకు తెచ్చిరి. 1901లో బెర్లిను విశ్వవిద్యాలయమున ఫ్రాంజ్ ఫాన్ లిస్ట్ అను న్యాయశాస్త్రాచార్యుని తరగతిలో ఒక విచిత్రము జరిగినది. పాఠము నడచుచుండగ ఇద్దరు విద్యార్థులకు మాటమాట పెరిగినది, ఒకడు పిస్తోలు తీసెను, ఆచార్యుడు నడుమ చొచ్చెను, గది అల్లకల్లోలమయ్యెను. తరువాత తెలిసినదేమనగా, అదియంతయు ముందుగ వ్రాసికొని ఆడిన నాటకము. చూచినది చూచినట్లు వ్రాయుడని విద్యార్థులను కోరిరి. వారందరును చదువుకొన్నవారు, రేపు వకీళ్లును న్యాయమూర్తులును కాగలవారు. అయినను అందరికంటె మేలుగ వ్రాసినవాని వాఙ్మూలముననే నూటికి 26 పాళ్లు తప్పులుండెను. అందరికంటె చెడుగ వ్రాసినవానికి నూటికి 80 పాళ్లు. నోరు మెదపనివారు మాటలాడినట్లు కొందరు వ్రాసిరి. జరిగిన ముఖ్యఘట్టములను కొందరు పూర్తిగ మరచిరి. ఉద్రేకము హెచ్చిన రెండవభాగమున తప్పులు మరింత హెచ్చినవి. భయపడిన మనస్సున దృశ్యము చెక్కినట్లు నిలుచునని మనమనుకొందుము. ఈ ప్రయోగము దానికి విరుద్ధముగ సాక్ష్యమిచ్చినది.

ఈ ప్రయోగమున పాలుగొన్న విలియం స్టెర్న్ అను మనశ్శాస్త్రజ్ఞుడు సాక్ష్యము మీదనే ఒక శాస్త్రశాఖను లేవదీసి, 1903లో దానికై ఒక పత్రికను నెలకొల్పెను. దోషరహితమైన జ్ఞాపకము సామాన్యము కాదు, అపవాదము మాత్రమేయని అతని సిద్ధాంతము. అతడు కనిపెట్టిన మరియొక విషయము మరింత ముఖ్యమైనది. సాక్షిని తన ధోరణిలో చెప్పనిచ్చినప్పటికంటె, ప్రశ్నలువేసి చెప్పించినప్పుడు తప్పులు హెచ్చు. ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ బినే 1900లోనే పిల్లల విషయమున ఇట్టి సంగతినే వెల్లడించియుండెను. ప్రశ్న అనునది ఖాళీ పాత్ర కాదు. అది తనతో కొంత తెచ్చి సాక్షి మనస్సున పోయును.

ఈ ఫలితములను అమెరికాలో న్యాయవాదుల యెదుట ఎలుగెత్తి చాటినవాడు హార్వర్డు ఆచార్యుడు హ్యూగో మున్‌స్టర్‌బర్గ్. 1908లో అతడు సాక్షులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. తన యింట దొంగలు పడినప్పుడు, ఇంతటి మనశ్శాస్త్రజ్ఞుడనైన తానును ప్రమాణముచేసి చెప్పిన సాక్ష్యమున తప్పులు దొరలినవని అతడు అందు వ్రాసెను. దొంగలు గడియారమును కాగితమున చుట్టిరని అతడు చెప్పెను. నిజమునకు బల్లమీది గుడ్డలో చుట్టిరి. నేలమాళిగ కిటికీనుండి చొరబడిరని చెప్పెను. నిజమునకు తలుపు తాళము విరుగగొట్టిరి. తమ శాస్త్రమును న్యాయవాదులు పెడచెవిని పెట్టుచున్నారని అతడు కోపించెను. అంతట సాక్ష్యచట్టమున ఆరితేరిన జాన్ విగ్‌మోర్ 1909లో పరిహాసపూర్వకమైన సమాధానమొకటి వ్రాసెను. అది ఒక కల్పిత విచారణ. న్యాయవాదులను నిందించినందులకు మున్‌స్టర్‌బర్గ్‌పై వ్యాజ్యము. చివరకు ఒక్క డాలరు నష్టపరిహారము. నవ్వుల వెనుక విగ్‌మోర్ వాదము గట్టిది. న్యాయస్థానము రేపు ఉదయము వాడుకొనదగిన పరీక్ష యేది? ఫలానా సాక్షి పొరపడెనని చెప్పగల సాధనమేది? అట్టిదేదియు నాడు మనశ్శాస్త్రమున సిద్ధముగ లేదు. సాక్షులందరును పొరపడగలరని చెప్పినంతమాత్రమున, బోనులో నున్న ఈ సాక్షి పొరపడెనని తేలదు గదా.

విగ్‌మోర్ వేసిన ప్రశ్నకు తగిన సమాధానము తయారగుటకు రమారమి డెబ్బదియేండ్లు పట్టినది. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనువారు 150 మంది విద్యార్థులకు కార్ల ప్రమాదమును చూపు చలనచిత్రమును ప్రదర్శించిరి. కార్లు ‘ఢీకొన్నప్పుడు’ ఎంత వేగముగ పోవుచుండెనని 50 మందిని అడిగిరి. మరి 50 మందిని అడిగినప్పుడు ఆ ఒక్కమాటకు బదులు ‘భీకరముగ గుద్దుకొన్నప్పుడు’ అను అర్థమిచ్చు మాట వాడిరి. మిగిలిన 50 మందిని వేగమును గూర్చి అడుగనేలేదు. వారము తరువాత, పగిలిన గాజును చూచితిరాయని అందరిని అడిగిరి. చిత్రమున పగిలిన గాజు లేనేలేదు. అయినను తీవ్రమైన మాట విన్నవారిలో 16 మంది చూచితిమనిరి. రెండవ వర్గమున 7 గురు. మూడవ వర్గమున 6 గురు. ఒక్క క్రియాపదము జ్ఞాపకమున లేని గాజును సృష్టించినది.

అదే కాలమున ఇంగ్లండున తప్పుడు గుర్తింపులవలన నిరపరాధులకు శిక్షలు పడగా, డెవ్లిన్ ప్రభువు అధ్యక్షతన నియమింపబడిన సంఘము 1976లో నివేదిక సమర్పించినది. ఆ సంవత్సరముననే అప్పీలు న్యాయస్థానము టర్న్‌బుల్ కేసులో కొన్ని సూత్రములు నిర్ణయించెను. సాక్షి ఎంత దూరమునుండి చూచెను? ఎంతసేపు చూచెను? వెలుతురెట్లుండెను? నడుమ అడ్డమేమైన నుండెనా? ముద్దాయిని పూర్వమెరుగునా? చూచుటకును గుర్తించుటకును నడుమ ఎంతకాలము గడచినది? ఇవి యన్నియు జ్యూరీ యెదుట పెట్టవలెను. పొరపడిన సాక్షి కూడ నమ్మదగినవానివలె కనబడగలడనియు, పలువురు సాక్షులు కలిసి పొరపడగలరనియు హెచ్చరింపవలెను. బెక్‌కు లోపించిన హెచ్చరిక ఇదియే.

డి.ఎన్.ఏ. పరీక్ష వచ్చిన పిమ్మట ఈ సంగతి అంకెలతో తేలినది. అమెరికాలో 1989 మొదలు ఆ పరీక్షవలన నిర్దోషులని ఋజువైన తొలి 250 మంది కేసులను బ్రాండన్ గారెట్ అను న్యాయశాస్త్రాచార్యుడు పరిశీలించి 2011లో ప్రకటించెను. వానిలో 190 కేసులలో ప్రత్యక్షసాక్షులు పొరపాటున గుర్తించిరి. విచారణ రికార్డులు దొరికిన 161 కేసులలో 92 చోట్ల, మొట్టమొదట గుర్తించినప్పుడు తమకంత నిశ్చయము లేకుండెనని సాక్షులే చెప్పియుండిరి. పోలీసు ఠాణాలో “వీడేమో” అని మొదలైనది, నెలలు గడచి, న్యాయస్థానమున “వీడే” అయినది. జ్యూరీ విన్నది ఆ రెండవ మాట. ఇచ్చట విగ్‌మోర్ ప్రశ్నకు సమాధానము దొరకుచున్నది. పరీక్షింపవలసినది బోనులోని సాక్షి ధైర్యమును కాదు. తొలినాటి అతని మాటను, ఆ మాటను రాబట్టిన పద్ధతిని.

మన దేశమున స్టీఫెన్ రచించిన 1872 నాటి సాక్ష్యచట్టమున, మనశ్శాస్త్ర ప్రయోగములు పుట్టకమునుపే కొంత జాగ్రత్త కలదు. తన సాక్షిని ప్రశ్నించు పక్షమువారు జవాబును సూచించు ప్రశ్న వేయరాదని ఆ చట్టము నియమించినది. 2024 జూలై 1వ తేదీనుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము కూడ ఈ సూత్రమును నిలుపుకొన్నది. కాని ఈ నియమము న్యాయస్థానము గడపలోపలిది. సాక్షి తొలిమాట పలుకునది గడప వెలుపల.

ఆ వెలుపలి కాలమును కొంత కాపాడునది గుర్తింపు పెరేడు. మన న్యాయస్థానముల దృష్టిలో ఇది స్వయముగ ప్రధానసాక్ష్యము కాదు. బోనులో సాక్షి చెప్పు మాటకు బలమిచ్చు తోడు మాత్రమే. 1990లో ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీసు దీనికి స్పష్టమైన పద్ధతిని విధించినవి. అనుమానితునితో నిలుచువారు వయస్సున, ఎత్తున, రూపమున సాధ్యమైనంతవరకు అతనిని పోలియుండవలెను. అతడు కొట్టవచ్చినట్లు కనబడు దుస్తులు ధరించినచో ఇతరులకును అట్టివి కూర్చవలెను, లేదా అతనిచే వానిని తీయింపవలెను. తన స్థానమును అతడే ఎంచుకొనవచ్చును. సాక్షి అతనిని ముందుగ చూడకుండ కాపాడవలెను. ఈ నియమములను తూ.చ. తప్పక పాటించినచో బెక్ వంటివారికి గొప్ప రక్ష. కాని పెరేడుకు ముందే ముద్దాయి ఛాయాచిత్రము పత్రికలలో వెలువడినచో, టెలివిజనులో కనబడినచో ఆ రక్ష వమ్మగును. సాక్షి గుర్తించునది నేరస్థలమున చూచిన ముఖమునో, పత్రికలో చూచిన ముఖమునో సాక్షికే తెలియదు.

అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు 2014లో మరికొన్ని జాగ్రత్తలు సూచించినది. గుర్తింపును నడుపువానికి అనుమానితుడెవరో తెలియరాదు. తెలిసినచో వాని కనుబొమ యైనను సైగచేయును. అసలు నేరస్థుడు వరుసలో లేకపోవచ్చునని సాక్షికి ముందే చెప్పవలెను. తొలిసారి గుర్తించినప్పుడు సాక్షికి ఎంత నిశ్చయమున్నదో అతని మాటలలోనే వ్రాసియుంచవలెను. వీనికి యంత్రములక్కరలేదు, ఒక కాగితము, ఒక కలము, కొంచెము ఓపిక చాలును.

ఇంతమాత్రముచేత సాక్షులను త్రోసివేయవలెనని కాదు. సాక్షులు లేనిచో బాధితులకు న్యాయమే దొరకదు. జాగ్రత్తగ, కలుషితము కాకముందు అడిగిన జ్ఞాపకము విలువైనదే. అది తడిమట్టిపై అడుగుజాడ వంటిది. దానిమీద పదిమంది నడువకమునుపే చూడవలెను. మనలో ఎవరమైనను ఏదో యొకనాడు సాక్షులము కావచ్చును. అప్పుడు ఇరుగుపొరుగువారితో కథ కలుపుకొనకముందే చూచినదానిని వ్రాసికొందము. చూడనిదానిని చూడలేదని, తెలియనిదానిని తెలియదని చెప్పుటకు సిగ్గుపడకుందము. నిజము నిలకడమీద తెలియునని మన పెద్దలనిరి. అడాల్ఫ్ బెక్ విషయమున ఆ నిలకడకు ఎనిమిదేండ్లకు పైగ పట్టినది. అందు అయిదేండ్లకు పైగ అతడు చెరసాలలో గడపెను.