వర్చువలైజేషన్ మాడ్యూళ్ళు, లినక్స్ కెర్నల్ పొందిక

ఒక ఆపరేటింగ్ సిస్టమ్ పై మరొక ఆపరేటింగ్ సిస్టమును నడిపించడాన్ని '''వర్చువలైజేషన్''' అంటారు. లినక్సులో ఇందుకు వాడే సాఫ్టువేరులో కొంత భాగం కెర్నల్ లోనికి చేరి పనిచేస్తుంది. దానినే మాడ్యూల్ అంటారు. వర్చువల్‌బాక్స్ వారి వీబాక్స్‌డ్రవ్, వీఎంవేర్ వారి వీఎంమాన్ ఇటువంటివి.

== పొందిక ఎందుకు చెడుతుంది ==
సాధారణ ప్రోగ్రాములకు ఈ చిక్కు లేదు. వాటితో కెర్నల్ మాట్లాడే పద్ధతి మారకుండా లినక్స్ నిర్మాతలు జాగ్రత్త వహిస్తారు. కాని కెర్నల్ లోపలి ఫంక్షన్లకు అటువంటి హామీ లేదు. వెర్షన్ మారినప్పుడు అవీ మారవచ్చును. అందువలన ప్రతి మాడ్యూలులోనూ 'వెర్‌మ్యాజిక్' అనే గుర్తు ఉంటుంది. అది ఏ కెర్నల్ కొరకు కంపైల్ చేయబడినదో ఆ గుర్తు తెలుపుతుంది. గుర్తు సరిపోలనిచో కెర్నల్ ఆ మాడ్యూలును తిరస్కరిస్తుంది. వాడుకరికి ఇది చిరాకే అయినా, పొసగని మాడ్యూల్ మెమొరీని పాడుచేయడం కంటే మేలు.

== పరిష్కారాలు ==
డెల్ సంస్థ 2003లో రూపొందించిన డీకేఎంఎస్, కెర్నల్ మారినప్పుడల్లా మాడ్యూలును తిరిగి కంపైల్ చేస్తుంది. ఇందుకు ఆ కెర్నల్ యొక్క హెడర్ ఫైళ్ళు ఉండాలి. ఫంక్షనే మారిపోతే కంపైల్ కూడా కాదు. అంతవరకు పాత కెర్నల్ తోనే కంప్యూటరును ప్రారంభించుకోవాలి.

2007 ఫిబ్రవరిలో 2.6.20 వెర్షనుతో కేవీఎం కెర్నల్ లోనే భాగమైనది. కనుక రెండూ కలిసే మారుతాయి.

== వెర్షన్ సరిపోయినా ==
2024 నవంబరులో వెలువడిన 6.12 కెర్నల్ నుండి, కేవీఎం లోడు కాగానే ప్రాసెసరులోని వర్చువలైజేషన్ సదుపాయాన్ని తన అధీనంలోనికి తీసుకొంటుంది. దీనితో, మాడ్యూల్ సక్రమంగా కంపైల్ అయినప్పటికీ, పలువురి కంప్యూటర్లలో వర్చువల్‌బాక్స్ యంత్రాలు మొదలు కాలేదు. కేవీఎం మాడ్యూలును తొలగించిన పిమ్మట అవి నడిచాయి.