ల్యాబు ఉన్న ఊరికే సైన్సు చదువు

1900ల మొదట్లో చంద్రశేఖర వెంకట రామన్ విశాఖపట్నం మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీలో ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) ముగించి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చేరాడు. అప్పటికి పదిహేనేళ్లు కూడా నిండలేదు. తండ్రి చంద్రశేఖర అయ్యర్ ఆ విశాఖ కాలేజీలోనే లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పేవారు. ఇంట్లోనే పుస్తకాలు, ఇంట్లోనే మేష్టారు. అయినా పిల్లవాడు ఊరు వదలక తప్పలేదు. ఏ.వి.ఎన్. అప్పట్లో ఎఫ్.ఏ.తో ఆగిపోయే సెకండ్ గ్రేడ్ కాలేజీ. భౌతికశాస్త్రంలో పట్టా కావాలంటే అంతకన్నా పెద్ద ల్యాబు ఉన్నచోటికి పోవాలి. 1900లో గోదావరి మీద రైలు వంతెన తెరిచారు కాబట్టి విశాఖలోని వాల్తేరులో రైలెక్కితే మద్రాసు చేరవచ్చు. అంతకుముందు తరం పిల్లలకు ఓడ ప్రయాణమో, కాలవల్లో పడవ ప్రయాణమో గతి.

గుంటూరు జిల్లాలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఇంటర్ ఫలితాలు రాగానే తల్లిదండ్రులు ఇప్పటికీ మా ఇంటి మెట్లెక్కుతారు. ‘ఏ కాలేజీ మంచిదండీ?’ అని అడుగుతారు. ఫీజు, బస్సు, హాస్టలు, ర్యాంకు అన్నీ మాట్లాడుకున్నాక నేను అడిగేది ఒకటే: ‘ల్యాబు చూశారా?’ ఈ ప్రశ్న నా సొంతం కాదు. మన ప్రాంతంలో సైన్సు డిగ్రీ చరిత్ర మొత్తం దీని చుట్టూనే తిరిగింది.

రామన్ బి.ఏ. పట్టా పుచ్చుకున్న 1904లోనే వైస్రాయ్ కర్జన్ ప్రభుత్వం విశ్వవిద్యాలయాల చట్టం తెచ్చింది. సైన్సు పట్టా ఆనాడు ‘బి.ఏ.’ పేరుతోనే ఉండేది. కళాశాలల మీద పట్టు బిగించడానికే ఈ చట్టం వచ్చిందని జాతీయవాదులు గట్టిగా ఎదిరించారు. వాళ్ల అభ్యంతరంలో న్యాయం ఉంది. కానీ అందులోని ఒక నిబంధనకు సైన్సు మేష్టర్లమంతా రుణపడి ఉన్నాం. ప్రయోగంతో కూడిన శాస్త్రం దేన్ని బోధించాలన్నా తగిన సామగ్రి ఉన్న ప్రయోగశాల చూపించాలి. లేకపోతే ఆ సబ్జెక్టుకు అనుబంధం దొరకదు. అంటే అనుమతి కాలేజీ పేరును చూసి కాక, సబ్జెక్టు వారీగా వచ్చేది. అందుకే ఒకే కాలేజీలో లెక్కలకు డిగ్రీ ఉండి, రసాయనశాస్త్రానికి లేకపోవడం మామూలైపోయింది.

చరిత్ర చెప్పడానికి సుద్దముక్క, నల్లబల్ల, మంచి మేష్టారు ఉంటే చాలు. కెమిస్ట్రీకి నీళ్ల గొట్టాలు, సింకులు, పొగ బయటికి లాగే గూడు, బర్నర్లకు గ్యాస్ ప్లాంటు, అద్దాల పెట్టెలో తూనికలు, ఏటేటా అయిపోయే ఆమ్లాలు, పగిలిపోయే గాజు సామాను కావాలి. ఫీజులతో అది నడవదు. ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి. బందరు నోబుల్ కాలేజీ 1843లో మిషనరీల చేతుల్లో బడిగా మొదలైంది. రాజమండ్రిది సర్కారు సొమ్ము. విజయనగరం, కాకినాడ కాలేజీలు సంస్థానాల దానంతో నిలబడ్డాయి. కాకినాడలో పిఠాపురం రాజావారి కాలేజీకి రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లో ఆడపిల్లలకూ తలుపులు తెరుచుకున్నాయి. పిల్లవాడు కాలేజీని ఎంచుకున్నాడని మనం అంటాం కానీ, ఆ ఎంపికకు హద్దులు అంతకుముందే ఎవరి దాతృత్వమో గీసి ఉండేది.

ఆ హద్దు ఒక్కసారిగా జరిగింది వాల్తేరులో. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో పుట్టి, తర్వాత విశాఖ చేరింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931లో దాని ఉపకులపతి అయ్యాక సైన్సు విభాగాలు రూపు దిద్దుకున్నాయి. జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలు ఇస్తానన్నారు. సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. కలకత్తాలో రామన్ దగ్గర పనిచేసిన సూరి భగవంతం భౌతికశాస్త్రానికి వచ్చారు. మాంచెస్టర్‌లో రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసిన టి.ఆర్. శేషాద్రి 1933లో రసాయనశాస్త్రానికి వచ్చారు. శేషాద్రిగారూ శిష్యులూ పత్తిపూలలోని రంగు పదార్థాలను వేరుచేసి వాటి నిర్మాణం కనుక్కున్నారు. మా పొలాల్లో పొద్దున పసుపుగా విచ్చి, వాడేసరికి ఎర్రబడే పువ్వు పరిశోధన పత్రాలకు ఎక్కిందని క్లాసులో చెప్తే, పత్తి రైతుల పిల్లలు నిటారుగా కూర్చునేవాళ్లు. లెక్కల్లో సి.ఆర్. రావు అక్కడే 1940లో పట్టా పుచ్చుకుని, ఆ తర్వాత కలకత్తా వెళ్లి ప్రపంచం మెచ్చిన గణాంక శాస్త్రవేత్త అయ్యారు. 1942లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు తరలివచ్చింది.

వాల్తేరులో లేని కోర్సు కావాలంటే ఇంకా దూరం పోవాలి. ‘కాశికి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం’ అనుకునే ఊళ్లలోంచి కుర్రాళ్లు బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి బయలుదేరారు. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఇంటర్ చదివి, కెమికల్ టెక్నాలజీ కోసం కాశీ వెళ్లారు. ఆ చదువే ఆయన్ని మద్రాసులోని తోళ్ల పరిశోధన సంస్థకు డైరెక్టర్ని చేసింది.

నిజాం రాజ్యంలో లెక్క వేరు. 1887లో ఏర్పడిన నిజాం కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఇంగ్లీషులో బోధించేది. 1918లో వచ్చిన ఉస్మానియా ఉర్దూలో బోధించేది. భౌతిక, రసాయనశాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి ప్రత్యేకంగా అనువాద సంస్థనే నెలకొల్పారు. దేశభాషలో ఉన్నత విజ్ఞానం చెప్పవచ్చని నిరూపించిన గొప్ప ప్రయత్నం అది. అయితే కరీంనగర్‌లోనో నల్లగొండలోనో తెలుగింట పుట్టిన పిల్లవాడికి రెండు దారులూ పరభాషవే. 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్లగొట్టినప్పుడు ఎందరో నాగపూర్ చేరి చదువు నిలబెట్టుకున్నారు. వాళ్లలో ఒకరైన పి.వి. నరసింహారావు బి.ఎస్సీ.ని పూనా ఫెర్గూసన్ కాలేజీలో పూర్తిచేశారు. ఒక్క పాట ఆయన సైన్సు కాలేజీని వేరే రాష్ట్రానికి మార్చింది.

స్వాతంత్ర్యం ముంగిట డెల్టా ఊళ్లు మేల్కొన్నాయి. 1945లో భీమవరంలో, ఏలూరులో కాలేజీలు వెలిశాయి. 1953లో విజయవాడలో లయోలా వచ్చింది. 1954లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చి రాయలసీమకు దారి చూపింది. ఒకప్పుడు రాజులు ఇచ్చిన చోట ఇప్పుడు రైతులు, మిల్లు యజమానులు, వర్తకులు చందాలేసుకున్నారు. నా దృష్టిలో తెలుగు పల్లెకు సైన్సు తెచ్చినవి ఈ కాలేజీలే. మా నాన్న లాంటి నాలుగెకరాల రైతు ‘మా అమ్మాయి బి.ఎస్సీ.’ అనగలిగాడంటే, సైకిల్ దూరంలో కాలేజీ ఉండబట్టే.

ఆడపిల్లల సంగతి మాత్రం మరోలా ఉండేది. నాకు లెక్కలంటే ప్రాణం. కానీ మావాళ్లు పంపడానికి ఒప్పుకున్న ఒకే ఒక మహిళా కళాశాలలో ఎం.పి.సి. గ్రూపు లేదు. ఆడపిల్లలకు లెక్కలెందుకన్నారు అక్కడివాళ్లు. బై.పి.సి. తీసుకుని, డిగ్రీలో వృక్ష, జంతు, రసాయనశాస్త్రాలు చదివాను. నా తరంలో ఎంతమంది జీవశాస్త్రం ‘ఎంచుకున్నారు’ అని లెక్కగట్టేవాళ్లు, వాళ్లకు దగ్గర్లో ఉన్న కాలేజీలో ఏ ల్యాబు కట్టారన్నది కూడా చూడాలి.

అయితే ఆ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు దివ్యంగా ఉండేది. సాల్ట్ అనాలిసిస్ రోజు వాయువు తయారుచేసే కిప్స్ ఆపరేటస్ నుంచి కుళ్లిన గుడ్డు వాసన వరండా దాకా వచ్చేది. ఆ వాయువును పరీక్షనాళికలోకి వదిలితే సీసం ఉంటే నల్లటి అవక్షేపం, కాడ్మియం ఉంటే పసుపు. నైట్రేట్ కోసం అప్పటికప్పుడు కలిపిన ఫెర్రస్ సల్ఫేట్ పోసి, నాళిక వంచి గోడ వెంబడి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం జార్చాలి. చెయ్యి వణికితే రెండూ కలిసిపోతాయి. ఓపిక పడితే రెండు ద్రవాలూ కలిసే చోట గోధుమరంగు వలయం కడుతుంది. తూచేటప్పుడు బాట్లను చేత్తో ముట్టుకోకుండా చిమటాతో పెట్టాలి. పుస్తకంలో ఉన్నదాన్ని నమ్మడం వేరు, నీ కళ్లెదుట తేల్చుకోవడం వేరు. ఆ తేడా నాకు ఆ బల్ల దగ్గరే తెలిసింది. అప్పటినుంచి కెమిస్ట్రీ నాదైపోయింది.

తర్వాతి కాలం మనకందరికీ తెలిసిందే. ఇంజనీరింగ్ సీట్లు పెరిగాయి, బి.ఎస్సీ. రెండో మాటయింది. కంప్యూటర్స్, మైక్రోబయాలజీ కలిసిన కొత్త గ్రూపులు వచ్చాయి. తెలంగాణలో 2016 నుంచి ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి ద్వారా డిగ్రీ సీటు ఇంట్లో కూర్చుని ఎంచుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2023–24లో మూడు సబ్జెక్టుల పద్ధతి పోయి ఒకే మేజర్ వచ్చింది. ఊరు దాటడానికి భయపడ్డ పిల్లలకు ఇదంతా మేలే. కానీ వెబ్ ఆప్షన్ల జాబితాలో కాలేజీ పేరు, కోడు కనిపిస్తాయి. సింకులో నీళ్లు వస్తున్నాయో లేదో కనిపించదు. పైగా మేజర్ ఒక్కటే అయితే, ఆ ఒక్క సబ్జెక్టు ల్యాబు పాడైతే మూడేళ్ల చదువూ పాడైనట్టే.

అందుకే తల్లిదండ్రులకు చెప్తాను: ఆప్షన్ పెట్టే ముందు ప్రాక్టికల్స్ జరిగే మధ్యాహ్నం ఒకసారి వెళ్లండి. బల్లల మీద ఆమ్లం మరకలు చూడండి. ఉంటే పని జరుగుతోందన్నమాట. సీసాల మీద చీటీలు ఎప్పుడు రాసినవో చూడండి. అటెండరును పలకరించి, వారంలో ల్యాబు ఎన్నిసార్లు తెరుస్తారో అడగండి. సీనియర్ పిల్లల రికార్డులు తిరగేయండి. అందరి రీడింగులూ ఒకేలా ఉంటే అవి ప్రయోగంలో వచ్చినవి కావు. సబ్జెక్టుకు పర్మనెంటు లెక్చరర్లు ఎందరని ప్రిన్సిపాల్‌ను సూటిగా అడగండి. మొహమాటపడకండి. నూట ఇరవై ఏళ్ల కిందట పరాయి ప్రభుత్వమే ల్యాబు చూపించనిదే సైన్సు చెప్పవద్దని చట్టం రాసింది. ఫీజు కట్టి పిల్లను అప్పగించేవాళ్లకు ఆ మాత్రం అడిగే హక్కు లేదా? సమాధానం చెప్పడానికి ఇష్టపడే కాలేజీలోనే పిల్లను చేర్చండి.